ముందు గది కొలవండి, రాడారా కెమెరానా తర్వాత చూద్దాం

ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్ గురించి ఈసారి చాలా ప్రశ్నలే వచ్చాయి. తక్కువ ఖర్చులో దొరికే లాంచ్ మానిటర్లలో ఏది కొనాలన్నదే అందులో ఎక్కువ. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: క్లబ్ (గోల్ఫ్ కర్ర) తగిలి బంతి లేచిన తొలి క్షణాల్లోనే దాని వేగం, లేచిన కోణం, దిశ, స్పిన్ (బంతి తిరుగుడు) పట్టుకుని, అది బయటైతే ఎంత దూరం వెళ్లేదో లెక్కకట్టి చెప్పే చిన్న పెట్టెనే లాంచ్ మానిటర్ అంటారు. బంతి నిజంగా వెళ్లేది ఎదురుగా ఉన్న నెట్ లేదా స్క్రీన్ దాకానే, మిగతాదంతా లెక్క. ఆ లెక్కలో ఏది కొలిచింది, ఏది ఊహించింది అన్న దగ్గరే తేడాలొస్తాయి.

ప్రశ్న: మా గది 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. రాడార్ రకం చాలని ఒకరు, కెమెరా రకమే కొనమని ఇంకొకరు చెప్తున్నారు. ఏది తీసుకోను?

కొలతలు రాసి పంపారు, అక్కడే సగం పని అయిపోయింది. చాలామంది మెషిన్ ఇంటికొచ్చాక టేపు తీస్తారు.

రాడార్ రకం బంతికి వెనక కూర్చుంటుంది. 2021లో వచ్చిన గార్మిన్ అప్రోచ్ ఆర్10నే తీసుకోండి, దాన్ని బంతికి 6 నుంచి 8 అడుగులు వెనక పెట్టాలి, బంతి ముందుకు కనీసం 8 అడుగులు ఎగరాలి. తక్కువలో తక్కువ వేసుకున్నా 6, 8 కలిపి 14, మీ గది అక్కడికే అయిపోయింది. స్క్రీన్‌కి, దాని వెనక గోడకి మధ్య ఒక అడుగు ఖాళీ కూడా వదలాలి, లేకపోతే బంతి గోడకి కొట్టుకుని తిరిగి మీ మీదికే వస్తుంది. ఆ అడుగు మీ దగ్గర లేదు.

పోనీ ఒక అడుగు అటూ ఇటూ సర్దుకుంటాను అంటారేమో, అసలు చిక్కు స్పిన్ దగ్గర ఉంది. డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో, గంటకు 150 మైళ్ల వేగంతో కొట్టిన బంతి 8 అడుగులు దాటడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతులు ఓ 36, అంతే. నిమిషానికి 2,700 చుట్లు తిరిగే బంతి ఆ కాస్త సమయంలో రెండు చుట్లు కూడా పూర్తి చేయదు, అంత కొద్ది దూరంలో తిరుగుడుని నేరుగా కొలవడం చవక రాడార్‌కి కష్టం. అందుకని అది వేగాన్నీ కోణాన్నీ చూసి స్పిన్ ఇంత ఉండొచ్చు అని అంచనా కడుతుంది. బంతి వేగం దాదాపు సరిగ్గానే చెప్తుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. గాల్లో ఎంత వంగింది, పడ్డాక ఎంత ఆగింది అన్నవే కాస్త అనుమానంతో చూడాల్సిన సంగతులు. రాడార్‌కి తిరుగుడు కనిపించేలా తయారుచేసిన టైటిలిస్ట్ ఆర్‌సీటీ లాంటి బంతులు ఉన్నాయి, వాటితో పరిస్థితి మెరుగే, కాకపోతే అవి అయిపోయినప్పుడల్లా మళ్లీ అవే కొనాలి. 2023లో వచ్చిన రాప్సోడో ఎంఎల్ఎం2ప్రో రాడార్‌కి తోడు కెమెరాలు పెట్టుకుంది, స్పిన్ కొలవడానికి అదీ గుర్తులున్న బంతినే అడుగుతుంది, పైగా అది కూడా వెనకే కూర్చుంటుంది కాబట్టి మీ గది కష్టం తీరదు.

కెమెరా రకం బంతి పక్కన ఉంటుంది. స్కైట్రాక్ 2014 నుంచీ ఉంది, ఈ మధ్య స్క్వేర్ లాంటివి అంతకన్నా బాగా తక్కువకి వచ్చాయి. బంతి కదిలిన వెంటనే గబగబా ఫొటోలు తీసి, ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య బంతి మీద గుర్తు ఎంత తిరిగిందో చూసి స్పిన్ చెప్తాయి. వీటికి బంతి తొలి కొద్ది దూరం కనిపిస్తే చాలు. కాబట్టి స్క్రీన్ వెనక 1 అడుగు, స్క్రీన్ నుంచి బంతికి 8, మీ వెనక స్వింగ్‌కి 5. సరిగ్గా 14. ఇరుకే, కానీ పనవుతుంది. కెమెరాలకి మాత్రం కిటికీలోంచి పడే ఎండ పడదు, ఒక మందపాటి కర్టెన్ వేసుకోండి.

ఇక ఎత్తు. 9 అడుగులు అంటే అదృష్టం మీద, మీ పొడుగు మీద ఆధారపడిన వ్యవహారం. ఏదీ కొనకముందే డ్రైవర్ పట్టుకుని బంతి పెట్టాలనుకున్న చోటే, మ్యాట్ మందం అంత ఎత్తు మీద నిలబడి, నిదానంగా స్వింగ్ చేసి చూడండి, పక్కన ఒకరిని నిలబెట్టి క్లబ్ తలకీ సీలింగ్‌కీ మధ్య ఎంత ఉందో చూడమనండి. జానెడు కూడా లేదంటే డ్రైవర్ ఆశ వదులుకోండి. తగలకపోయినా తగులుతుందేమో అన్న భయంతో ఒళ్లు దగ్గరికి ముడుచుకుని కొట్టడం అలవాటవుతుంది, అది బయట మైదానంలో కూడా వదలదు. దానికన్నా పొట్టి క్లబ్‌లైన ఐరన్‌లతోనే ఆడుకున్నా నష్టం లేదు. ఫ్యాన్ ఉంటే తీసేయండి, నా ఫ్యాన్ రెక్క ఒకటి ఇప్పటికీ వంకరగానే ఉంది.

నేనైతే మీ గదికి కెమెరా రకమే కొంటాను. ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్లు కూడా ఉంటే ముందే ఆలోచించుకోండి, ఈ పెట్టె ఆడేవాళ్లకి ఎదురుగా ఉండాలి కాబట్టి చేతివాటం మారినప్పుడల్లా దాన్ని అటు నుంచి ఇటు మార్చాలి. ఇద్దరూ వంతులేసుకుని ఆడుతుంటే ఆ మార్చడంతోనే ఆట మీద విసుగొస్తుంది.

ప్రశ్న: రాడార్ రకం కొన్నాను. 7 ఐరన్‌తో తిన్నగా కొట్టిన బంతులు కూడా కుడికి వెళ్లినట్టు చూపిస్తోంది. మెషిన్ పాడైందా?

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఉంది కానీ, ఈసారి మీ తప్పూ కాకపోవచ్చు, మద్దెల తప్పూ కాకపోవచ్చు. పెట్టిన తీరు చూడండి. బంతికి 7 అడుగుల వెనక ఉన్న పెట్టె 3 అంగుళాలు పక్కకి జరిగి, అక్కణ్నుంచి బంతి వైపు చూస్తోందంటే దాని దృష్టి 2 డిగ్రీలు వంకర. 150 గజాల దగ్గర ఆ 2 డిగ్రీలే 5 గజాలవుతాయి. కంటితో చూసి పెట్టాను, తిన్నగానే ఉంది అని అందరూ అంటారు, నేనూ అన్నాను.

తాపీమేస్త్రీలు గోడ వరసకి కట్టే దారం లాంటిది ఒకటి తీసుకోండి. స్క్రీన్ మధ్య గుర్తు నుంచి బంతి మీదుగా వెనక పెట్టె మధ్య దాకా బిగించి కట్టి, నేల మీద టేపుతో పెట్టె కాళ్ల చుట్టూ గుర్తు అంటించేయండి, రోజూ కొలవక్కర్లేదు. పెట్టె కింద మట్టం కూడా చూడండి. మీరు మందపాటి మ్యాట్ మీద ఉండి, పెట్టె మాత్రం నేల మీద ఉంటే ఎత్తులో తేడా వస్తుంది, దాని కిందా అంతే మందం పలక పెట్టండి. ఇదంతా చేశాక కూడా కుడికే పోతోందంటే, చెప్పడానికి బాధగానే ఉంది, క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే వైపు, కుడికి తెరుచుకుంటోంది. బంతి బయల్దేరే దిశ ఎక్కువగా ముఖం చూస్తున్న వైపే ఉంటుంది.

ప్రశ్న: మెషిన్ కొంటే సరిపోతుందా, ఇంకా ఏమైనా కట్టాలా?

ఇక్కడే తడిసి మోపెడవుతుంది. పెట్టె చవకగా ఇచ్చి, తెర మీద గోల్ఫ్ మైదానాల్లో (కోర్సుల్లో) ఆడటానికి ఏడాదికింత అని తీసుకునే పద్ధతి చాలా కంపెనీలది. కొన్నిటిలో ఏమీ కట్టకపోతే వేగం, దూరం లాంటి నాలుగు అంకెలు తప్ప ఇంకేమీ కనిపించవు. పెట్టె ధరకి మూడేళ్ల చందా కలిపి అప్పుడు పోల్చండి, చవక అనుకున్నది కొన్నిసార్లు చవక కాదని తేలుతుంది. అలా మైదానాలు చూపించే, చాలామంది మెచ్చుకునే జీఎస్‌ప్రో సాఫ్ట్‌వేర్‌కి ఏటా లైసెన్సు కట్టాలి, మంచి గ్రాఫిక్స్ కార్డున్న విండోస్ కంప్యూటర్ కావాలి, అన్నిటికన్నా ముందు మీ పెట్టె దానితో కలుస్తుందో లేదో చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే పాత ఓనర్ ఖాతా నుంచి మెషిన్ విడిపించాడా అని అడిగి, మీ ఫోన్‌కి కలిపి చూశాకే డబ్బులివ్వండి.

ప్రశ్న: ఇంట్లో సామాను పగులుతుందని భయం. ఫోమ్ బంతులతో వాడొచ్చా?

పిల్లల సరదాకైతే వాడండి. అంకెల కోసమైతే వద్దు. అసలు బంతి బరువు నిబంధన ప్రకారం 45.93 గ్రాములకి మించదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గదు, మెషిన్ లెక్కంతా అలాంటి బంతి ఎలా ఎగురుతుందన్న దాని మీదే నడుస్తుంది. ఫోమ్ బంతి క్లబ్ మీంచి లేచే తీరే వేరు. ఆ డబ్బుతో పక్కలకి కూడా వచ్చే పెద్ద నెట్ కొనండి. క్లబ్ మడమ దగ్గర, అంటే తలకి కర్ర కలిసే వైపు, తగిలిన బంతి ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు.

ప్రశ్న: ఇంట్లో 7 ఐరన్ 150 గజాలు పోతోంది, మైదానంలో 135 దాటట్లేదు. ఏ అంకె నమ్మను?

మైదానాన్నే నమ్మండి. గాలి, చలి, తడి గడ్డి లాంటివి కొంత తినేస్తాయి నిజమే, కానీ నా అనుమానం మీ మ్యాట్ మీద. బంతికి రెండు అంగుళాల ముందే క్లబ్ నేలకి తగిలిందనుకోండి, గడ్డి మీదైతే మట్టిలో దిగబడి బంతి మధ్యలోనే పడిపోతుంది. మ్యాట్ మీద అదే క్లబ్ జారుకుంటూ వెళ్లి బంతిని బాగానే కొడుతుంది. మెషిన్ చూసేది బంతిని, నేలని కాదు, కాబట్టి శభాష్ అని 150 వేస్తుంది. మ్యాట్ కింద గట్టి నేల ఉంటే ఇలాంటి ప్రతి దెబ్బా మోచేతికి వెళ్తుంది, నొప్పి మొదలైతే కొన్నాళ్లు ఆపి మెత్తటి మ్యాట్ చూసుకోండి.

ఒక తువ్వాలు మడిచి బంతికి నాలుగు అంగుళాలు వెనక పెట్టి కొట్టండి. తువ్వాలుకి తగలకుండా బంతికి తగలాలి. మొదటి రోజు పది బంతుల్లో ఆరింటికి నా తువ్వాలు కూడా బంతితో పాటు ఎగిరి నెట్‌లో పడింది, ఆ ఆరింటిలో నాలుగింటికి మెషిన్ మంచి దూరమే చూపించింది.