గోరు తీయిస్తే రూపాయి రాదు, వేలు తీయిస్తే క్యాష్‌లెస్

"షుగర్ ఉన్న మా అమ్మని నెలకోసారి పాదాల క్లినిక్‌కి తీసుకెళ్ళి గోళ్ళు తీయించి, ఆనెలు చెక్కిస్తున్నాం. ఈ ఖర్చు హెల్త్ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?" అని అడిగారు.

మామూలు పాలసీలో రాదండి. జవాబు ఇంతే. కానీ మా ఇంట్లో జరిగింది చెబితేగానీ నా కడుపుమంట చల్లారదు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాన్నగారికి అప్పుడు 71 ఏళ్ళు, షుగర్ వచ్చి 20 ఏళ్ళు. ఆయన కాలి గోళ్ళు నెయిల్ కట్టర్‌కి లొంగవు. కుడి బొటనవేలి గోరైతే మందంగా, పసుప్పచ్చగా, ఎండుకొబ్బరి చిప్ప అంచులా ఉండేది. ఆదివారం పొద్దున్నే వరండాలో కూర్చుని, వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని, షేవింగ్ బ్లేడుని కాగితంతో సహా సగానికి విరిచి, ఆ ముక్కతో గోళ్ళు చెక్కుకునేవారు. ఎన్నిసార్లు వద్దన్నా "నా చేతికి తెలుసురా" అనేవారు. చేతికి తెలుసు సరే, కాలికి తెలియాలి కదా.

మే నెలలో ఒక ఆదివారం అమ్మ వంటింట్లోంచి వస్తూ హాల్లో తెల్ల టైల్స్ మీద వరుసగా ఎర్రటి మరకలు చూసింది. పూజ గదిలోంచి కుంకుమ ఎవరో తొక్కుకుంటూ వచ్చారనుకుని, విసుక్కుంటూ తడిగుడ్డ తెచ్చింది. తుడుచుకుంటూ పోతే అవి నాన్నగారి పడక్కుర్చీ దగ్గర ఆగాయి. ఆయన కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నారు.

"ఏమండీ, కాలు తెగింది."

"ఎవరికి?" అన్నారు.

పసుపు అద్దారు, గుడ్డ చుట్టారు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. శుక్రవారం అలవాటు ప్రకారం అమ్మవారి గుడికి కూడా వెళ్ళొచ్చారు. బెజవాడ మే నెల ఎండలో, ఇంద్రకీలాద్రి మీద, చెప్పుల్లేకుండా! ఆ మర్నాటికి వేలు వంకాయలా వాచింది. అప్పుడు పరిగెత్తాం సూర్యారావుపేటకి.

డాక్టరు గారు ముందు నాన్నగారిని కళ్ళు మూసుకోమన్నారు. సన్నటి నైలాన్ పోగుతో అరికాల్లో ఒక్కో చోట నొక్కుతూ, తగిలినప్పుడల్లా "ఆఁ" అనమన్నారు. పది చోట్ల నొక్కితే మూడుసార్లు అన్నారు. నాలుగోసారి కూడా అన్నారుగానీ, అప్పుడు డాక్టరు గారు అసలు ముట్టుకోలేదు. పక్కన నిలబడ్డ నాకు కాళ్ళలో వణుకొచ్చింది. ఆ పోగు పేరు మోనోఫిలమెంట్. 10 గ్రాముల బరువు పడగానే వంగిపోతుంది. ఆ మాత్రం ఒత్తిడి తెలియలేదంటే, కాలికి రాయి గుచ్చుకున్నా, నేల కాలినా తెలియదన్నమాట. నిమిషం కూడా పట్టని ఆ పరీక్షని 20 ఏళ్ళుగా షుగర్ మాత్రలు రాస్తున్న మా పాత డాక్టరు ఒక్కసారీ చేయలేదు. సరే, ఆ కోపం ఇంకోసారి.

వేలికి మత్తిచ్చి 20 నిమిషాల్లో గోరు తీసేశారు. "మత్తెందుకు దండగ, నాకెలాగూ తెలియదుగా" అని నాన్నగారి జోకు. బిల్లు 3,500. రోజు విడిచి రోజు కట్టు మార్పిస్తే సారికి 400. బిల్లులన్నీ జాగ్రత్తగా ఇన్సూరెన్స్‌కి పంపాను. వారం తిరక్కుండా తిరస్కరించారు. ఓపీడీ వైద్యమట, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకుని వచ్చేసేది. 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలట. "డే కేర్ కింద పెట్టండమ్మా" అని ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కు దగ్గరున్న అమ్మాయిని అడిగాను. "ఒకప్పుడు రోజంతా మంచం మీద ఉంచి చేసినవి, ఇప్పుడు కొత్త పరికరాలొచ్చి గంటల్లో అయిపోతున్నాయే, అవే డే కేర్ సార్. కేటరాక్ట్ లాంటివి. గోరు అందులోకి రాదు" అంది. ఆ పిల్ల తప్పేం లేదు, రూలు చెప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అన్నారా మనవాళ్ళు!

ఆ తర్వాత పదహారో రోజు నాన్నగారికి చలిజ్వరం. కట్టు విప్పితే వేలి చివర నల్లబడి ఉంది. అడ్మిట్ చేశాం. ఎముక దాకా చీము పట్టిందని బొటనవేలి చివరి కణుపు తీసేశారు. ఐదు రోజులు, 92,000 బిల్లు. ఈసారి కంపెనీవాళ్ళు కిక్కురుమనకుండా క్యాష్‌లెస్ ఇచ్చారు, అంటే ఆసుపత్రికి వాళ్ళే నేరుగా కట్టారు.

అసలు విషయం ఇప్పుడు వినండి. డిశ్చార్జి రోజున అదే అమ్మాయి పిలిచి, "సార్, అడ్మిషన్‌కి ముందు 30 రోజుల్లో ఇదే జబ్బుకి అయిన బిల్లులు, తర్వాత 60 రోజుల బిల్లులు కూడా పెట్టుకోవచ్చు. మీ పాలసీలో ఉంది" అంది. వెనక్కి కొట్టిన అదే 3,500 బిల్లు, అవే కట్ల బిల్లులు మళ్ళీ పంపాను. డబ్బులొచ్చాయి! గోరు అదే, డాక్టరు అదే, కాగితం కూడా అదే. వేలు పోగొట్టుకున్నాం కాబట్టి ఆ బిల్లుకి అర్హత వచ్చింది. 3,500 దగ్గర పిసినారితనం చేసి 80 వేలకి పైగా కట్టుకున్న ఈ కంపెనీల్లో లెక్కలు ఎవరు రాస్తారో నాకు అర్థం కాదు. మా వీధి చివర కిరాణా కొట్టాయన ఇంతకన్నా బాగా నడుపుతాడు.

ఆ 92,000 బిల్లులోనూ 9,400 కోశారు. గ్లౌజులు, క్రేప్ బ్యాండేజీ వగైరా. పాలసీ వెనకాల చెల్లించనవసరం లేని 68 వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది, ఎప్పుడైనా తీరిగ్గా చదవండి. డాక్టరు గారు తప్పనిసరిగా వేసుకోమన్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు 1,800 పెట్టి కొన్నాం. అవీ రాలేదు. ఎందుకంటే ఆ జాబితాలో డయాబెటిక్ ఫుట్‌వేర్ అని అచ్చంగా రాసి ఉంది. బ్యూటీ సర్వీసులు కూడా అదే జాబితాలో! షుగర్ వాళ్ళ చెప్పులూ ఫేషియలూ ఒకే గాటన కట్టారు.

డాలస్‌లో ఉన్న మా బావకి చెబితే, అక్కడ పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌లో కూడా మామూలుగా గోళ్ళు తీయడానికి డబ్బులివ్వరనీ, షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ పోయినవాళ్ళకి మాత్రం ఆరు నెలలకోసారి పాదాల పరీక్షకి ఇస్తారనీ అన్నాడు. పాదాల సమస్య ముదిరిన షుగర్ రోగులకి ఏడాదికో జత ప్రత్యేకమైన బూట్లు కూడానట. ఆ మాత్రం తెలివి మనవాళ్ళకెందుకు రాదు?

ఇక మీ సంగతి. ఓపీడీ కవర్ అని విడిగా అమ్ముతున్నారు. అది తీసుకుంటే డాక్టరు ఫీజు, పరీక్షలు, మందుల వరకు కొంత వస్తుంది. దానికయ్యే అదనపు ప్రీమియం, మీ అమ్మగారికి ఏడాదికయ్యే ఖర్చు పక్కపక్కన రాసుకుని చూడండి. నేను చూశాను, మాకు గిట్టుబాటు కాలేదు. పాలసీ కొత్తగా తీసుకునేట్టయితే షుగర్ ఉందని దాచకండి. మా ఏజెంటు "అది రాయకండి సార్, నేను చూసుకుంటాగా" అన్నాడు. నేను రాయించాను కాబట్టి బతికిపోయాం. దాచినా ఆసుపత్రి కేస్ షీటులో మొదటి లైనే "షుగర్ 20 ఏళ్ళుగా" అని ఉంటుంది, క్లెయిమ్ అక్కడే పోతుంది. రాయిస్తే మహా అయితే మూడేళ్ళు ఆగాలి. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకి అంతకు మించి ఆపకూడదు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, తేలకపోతే హైదరాబాదులో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజేమీ ఉండదు.

నాన్నగారి గోళ్ళు ఇప్పుడు నేనే తీస్తాను. పేపరు పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, క్లినిక్‌లో చూపించినట్టు తిన్నగా, మూలలు తవ్వకుండా. వేడినీళ్ళ బకెట్టు మానిపించాం. రోజూ రాత్రి అమ్మ ఆయన అరికాళ్ళు టార్చిలైటు వేసి చూస్తుంది. శుక్రవారం గుడికి సాక్సులు వేసుకోమంటే మొదట్లో "సాక్సులతో అమ్మవారి దగ్గరికా!" అని పెద్ద గొడవ చేశారు. ఇప్పుడు ఆయనే వెతుక్కుంటున్నారు.

అన్నట్టు, ఓపీడీ కవర్ తీసుకుంటే మాత్రం మీ క్లినిక్‌లో బిల్లు మీద ఏం రాస్తున్నారో ఒకసారి చూసుకోండి. చేసిన వైద్యమేదో అదే రాయమనండి, డాక్టరు గారి సంతకంతో. మా పక్కింటావిడ బిల్లులో "పెడిక్యూర్" అని ఉంది.