మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతోందా? ముందు నీళ్లు ఆపండి

ప్రశ్న: కుండీల్లో గులాబీ, మందార, చామంతి పెంచుతున్నాను. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను, వారానికోసారి డీఏపీ ఎరువు వేస్తున్నాను, పురుగు రాకముందే మందు కూడా కొడుతున్నాను. అయినా ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, మొక్కలు వడలిపోతున్నాయి. ఇంకా ఏం వేయాలి?

జవాబు: ఇంకేమీ వేయకండి అమ్మా. మీరు రాసినదాన్ని బట్టి మీ మొక్కలకు తక్కువైంది ఏదీ లేదు, అన్నీ ఎక్కువయ్యాయి, అందులో మొదటిది నీళ్లు.

వేర్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలితోనే అవి బతుకుతాయి. రెండు పూటలా పోస్తుంటే ఆ సందులు ఎప్పుడూ నీళ్లతోనే నిండి ఉంటాయి, వేరుకు ఊపిరాడదు, పిథియం లాంటి వేరుకుళ్లు తెచ్చే సూక్ష్మజీవులకేమో అదే కావాలి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మట్టి తడిగా ఉన్నా మొక్క తల వాల్చేస్తుంది, మనం దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తాం. కుండీ మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే.

బాగా వాడిన మొక్కనొకదాన్ని మట్టిగడ్డతో సహా బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినదైతే గోధుమరంగుకు తిరిగి, వేళ్లతో పట్టి లాగితే పైతొక్క ఊడి చేతికొస్తుంది, లోపల సన్నటి దారం లాంటిది మిగులుతుంది, మట్టి కూడా వాసన కొడుతుంది. అలాంటి వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, నీరు త్వరగా దిగిపోయే కొత్త మట్టిలో నాటండి. పాపం బతకాలని మరీ పెద్ద కుండీలోకి మార్చకండి, వేరు అందుకోని మట్టి రోజుల తరబడి ఆరదు. అడుగున చిల్లు మూసుకుపోయిందేమో, కింద పళ్లెంలో నీళ్లు నిలుస్తున్నాయేమో కూడా చూసుకోండి.

ఇకపై టైం ప్రకారం పోయడం మానేయండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూసి, లోపల పొడిగా తగిలితేనే అడుగు నుంచి కారేదాకా ఒకేసారి నిండుగా పోయండి. ఎండ, గాలి, కుండీ సైజును బట్టి ఒక్కో మొక్కకు ఒక్కో లెక్క ఉంటుంది. సాయంత్రం గులాబీ ఆకుల మీద చల్లే అలవాటుంటే అదీ వద్దు, రాత్రంతా తడిగా ఉన్న ఆకు మీదే నల్లమచ్చ తెగులు మొలుస్తుంది.

వారం వారం డీఏపీ కుండీకి చాలా ఎక్కువ. చేలో వేర్లు పక్కకు పోయి తప్పించుకోగలవు, కుండీలో వాటికి ఆ దారి లేదు. మట్టి మీద తెల్లటి పొర, ఆకుల అంచులు మాడటం కనిపిస్తే ఎరువుల లవణాలు పేరుకున్నట్టే. డీఏపీలో ఉండే నత్రజని మరీ ఎక్కువైతే ఆకు బలంగా వస్తుంది గానీ పువ్వు తగ్గుతుంది, ఆ లేత చిగురుకే రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక కూడా త్వరగా పడుతుంది.

మందు సంగతి ఒక్కమాట: పురుగు కంటికి కనిపించకుండా కొట్టొద్దు, పేనుబంకను తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్) ముందు చచ్చిపోతాయి. ఆకు అడుగున చూసి, కొద్దిగా ఉంటే నీళ్ల ధారతో కడిగేస్తే చాలు.

మట్టి మార్చిన మొక్కను కొన్నాళ్లు నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి, రోజుకో చోటికి జరపకండి. కొన్ని ఆకులు ఇంకా రాలతాయి, టెన్షన్ పడొద్దు. కొత్త చిగురు వచ్చి ఆ ఆకులు ముదిరాకే ఎరువు మొదలుపెట్టండి, అదీ నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టుతో.