నాలుగడుగుల వెడల్పు మానును అతుకులేని పలకలుగా కోయించడం ఎలా?

అమలాపురం దగ్గర తుఫానుకు పడిన నిద్రగన్నేరు మాను కోత మిల్లులో పట్టట్లేదు, దాన్ని రెండుగా చీల్చకుండా డైనింగ్ టేబుల్‌కి పలకలు తీయొచ్చా అని ఒకరు అడిగారు. తీయొచ్చు. దుంగను మిల్లుకు లాగే బదులు రంపాన్నే దుంగ దగ్గరకు తేవాలి.

పెద్ద చైన్‌సాకి (గొలుసు రంపానికి) పొడవాటి బార్, అంటే చైన్ తిరిగే ఇనుప పట్టీ, దానికి పలక మందాన్ని నిలిపే ఇనుప ఫ్రేము బిగిస్తారు. మొదటి కోతే కీలకం: దుంగ మీద నిచ్చెన మట్టంగా బిగించి, దాని మీద ఫ్రేము జరుపుతారు. తర్వాతి కోతలకు కోసిన ముఖమే ఆధారం. మామూలు చైన్ అడ్డకోతకు చేసింది; నిలువు కోతకు పళ్లను సుమారు 10 డిగ్రీల కోణంలో పదును పెట్టిన చైన్ కావాలి. ముందు మేకులు వెతకండి. రోడ్డు పక్క చెట్టైతే ఫ్లెక్సీల పుణ్యమా అని తప్పక ఉంటాయి!

అసలు టెన్షన్ ఆరబెట్టడంలోనే. పలక రెండు కొసలకూ వెంటనే పెయింట్ పూయకపోతే బీటలిస్తుంది. గాలాడేలా పలకల మధ్య ఒకే మందం ఉన్న చెక్క బద్దలు పెట్టి, పైన బరువు వేసి, నీడలో పేర్చండి. అంగుళం మందానికి ఏడాది అనేది మోటు లెక్క; కోనసీమ తేమకు ఇంకాస్త పట్టొచ్చు. టేబుల్‌కి రెండున్నర అంగుళాలకు కోయించండి, ఆరాక వంపులు చిత్రిక పట్టడానికి మిగులుతుంది.