గోదావరి వంతెన మీద రైలు అంతగా ఎందుకు మోగుతుంది? చక్రం, పట్టా మారిస్తే తగ్గుతుందా?

తగ్గుతుంది. కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదికి రాగానే పక్కవారి మాట వినబడదు. ఆ మోత ప్రధానంగా ఇంజనుది కాదు. చక్రం మీద, పట్టా మీద కంటికి ఆనని మైక్రాన్ల గరుకు చాలు, రెండూ గంటలా కంపిస్తాయి. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఉక్కుది కాబట్టి తానూ మోగుతుంది.

అసలు మందు చక్రం నునుపు. పోత ఇనుప బ్రేకు దిమ్మలు చక్రాన్ని గరుకు చేస్తాయి. వాటి బదులు రెసిన్, పీచు కలిపి చేసిన కాంపోజిట్ దిమ్మలు వాడితే మోత 8 నుంచి 10 డెసిబెళ్లు తగ్గుతుంది, చెవికి దాదాపు సగం. పట్టాను సానబట్టాలి, అతుకులు వెల్డింగ్ చేయాలి. పట్టా కింద మెత్తటి రబ్బరు ప్యాడ్లు వేస్తే వంతెన మోత తగ్గుతుంది, కానీ పట్టా మోత కొంచెం పెరుగుతుంది. అందుకే పట్టా పక్కలకు కంపనాన్ని మింగే డ్యాంపర్లు బిగిస్తారు.