ట్రాక్టర్ సంగతి తర్వాత, ముందు మీ ఇద్దరి కూలి రాయండి

"మాకు మూడెకరాలు. నేనూ నా భార్యా పొలంలోనే ఉంటాం. పుస్తకంలో ప్రతి సీజన్‌కీ లాభం కనిపిస్తుంది, చేతిలో మాత్రం డబ్బు నిలవదు. అప్పు చేసి ట్రాక్టర్ కొంటే అబ్బాయి కూడా సేద్యంలో నిలబడతాడేమో. కొనమంటారా, పొలం అమ్మేయమంటారా?" అని ఒక పాఠకుడు రాశారు.

అయ్యా, ఇప్పుడే రెండూ వద్దు. మీరు పంపిన లెక్కల పేజీ చూశాను. విత్తనం, ఎరువు, పురుగుమందు, కోత కూలీలు, బండి కిరాయి ఒక్కటీ వదలకుండా రాశారు. మీ ఇద్దరి పేర్లే ఎక్కడా లేవు. తెల్లవారకముందే నీళ్లు కట్టేది మీరు, మధ్యాహ్నం దాకా వంగి కలుపు తీసేది మీ భార్య. ఆ పనికి బయటివాళ్లను పిలిస్తే ఎంత ఇస్తారో అదే లెక్కన మీ రోజులన్నీ రాసి, లాభంలోంచి తీసేయండి. చిన్న కమతాల్లో లాభం అనుకునేది చాలాసార్లు ఇంటివాళ్ల కూలే, అదీ సగమో ముప్పావో. ఇది పంటవారీగా చేస్తే ఏ పంట మిమ్మల్ని పోషిస్తోందో, ఏ పంటను మీరు పోషిస్తున్నారో తెలిసిపోతుంది. నష్టం తేలిన పంటను వచ్చే సీజన్‌లో సగానికి తగ్గించండి, అలవాటు కొద్దీ వేయొద్దు.

ఇక ట్రాక్టర్. ఏడాది వాయిదాలు, రిపేర్లు, ఏటా తగ్గే దాని విలువ, మూడూ కలిపి మీకు నిజంగా పనిపడే రోజులతో భాగించండి. మూడెకరాలకు ఆ రోజులు కొద్దే, కాబట్టి రోజు ఖర్చు కిరాయికంటే ఎక్కువ తేలుతుందనే నా అంచనా. పైగా పంట డబ్బు ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వస్తుంది, వాయిదా నెలనెలా వస్తే ఇక టెన్షనే. పక్క పొలాలవాళ్లు నలుగురైదుగురు కలిసి కొని, ఎవరి వంతు ఎప్పుడో, రిపేరు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకుంటే అప్పుడు ఆలోచించొచ్చు. జర్మనీలో ఫ్రీడ్రిష్ రైఫైజెన్ 1864లో హెడెస్‌డోర్ఫ్‌లో పెట్టిన పరపతి సంఘం నడిచింది సభ్యులంతా కలిసి పూచీ ఉండడం మీదే, ఒంటరిగా అప్పు పుట్టనివాళ్లకు అలా పుట్టింది.

మంచి పంట వచ్చిన ఏడాది మిగులులోంచి ఒక సీజన్ పెట్టుబడి, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టేదాకా కొత్త అప్పు జోలికి వెళ్లకండి. విత్తనానికి చేసిన అప్పు ఆ పంటతోనే తీరాలి, అది మరుసటి సీజన్‌లోకి దొర్లిందంటే జాగ్రత్త పడాల్సిందే.

చిన్న పొలం దండగ అనేవాళ్ల మాట విని మాత్రం అమ్మకండి. ప్రపంచంలో రెండు హెక్టార్లలోపు కమతాలు మొత్తం సాగుభూమిలో 12 శాతమే అయినా, ఆహారంలో దాదాపు 35 శాతం వాటినుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో లెక్కకట్టింది.

అబ్బాయిని ట్రాక్టర్ ఆపదండీ. వాడికి ఏం కావాలో మీరింకా అడగలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అడగండి. ఉంటానంటే ఒక ఎకరం మీద ఏం వేయాలో, ఎక్కడ అమ్మాలో వాడికే వదిలేసి, వాడి కూలి వాడికి ఇవ్వండి. బయట ఉద్యోగం చేస్తానంటే తప్పుపట్టకండి, నెల జీతం వచ్చే మనిషి ఒకరుంటే పంట పోయిన ఏడాది ఇల్లు గడుస్తుంది. వెళ్తానంటే ఇప్పుడే కౌలు గురించీ, వారసత్వం కాగితాల గురించీ ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

కోత అయ్యాక ఆ పుస్తకం మళ్లీ పంపండి. ఈసారి మీ భార్య పేరుతో ఒక గడి ఉండాలి.