రెక్కలో మెలిక, తోకలో బరువు: విమాన నమూనాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బాల్సా (చాలా తేలికైన చెక్క) కిట్‌తో మొదటిసారిగా రేడియో కంట్రోల్ విమానం తయారుచేస్తున్నాను. రెక్కల మొత్తం పొడవు 1.5 మీటర్లు. చెక్కపని పూర్తయ్యేసరికి రెక్క తిన్నగానే ఉంది. కానీ ఇస్త్రీతో అతికించే ప్లాస్టిక్ ఫిల్మ్ తొడిగిన తరువాత చూస్తే, ఎడమ రెక్క కొసన వెనకంచు 5 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. ఫిల్మ్ అంతా ఊడదీయాలా, ఇలాగే ఎగరేయవచ్చా?

జవాబు: ఊడదీయనక్కరలేదు. అయితే ఇలాగే మాత్రం ఎగరేయకండి. వెనకంచు కిందికి దిగిన రెక్క కొస గాలిని మిగతా రెక్క కంటే ఎక్కువ కోణంలో ఎదుర్కొంటుంది. మంచి వేగంలో ఉన్నంతసేపు ఆ రెక్క కాస్త పైకి లేస్తుంది, విమానం కుడివైపు ఒరుగుతుంది, ట్రిమ్ మీటతో (విమానం తిన్నగా పోయేలా చిన్న సవరణలు చేసే మీట) మీరు దాన్ని సరిదిద్దుకుని అంతా బాగుందనుకుంటారు. అసలు ప్రమాదం దిగేటప్పుడు ఎదురవుతుంది. వేగం తగ్గగానే, ఎక్కువ కోణంలో ఉన్న ఆ కొసే అన్నిటికంటే ముందుగా స్టాల్ అవుతుంది, అంటే పైకి లేపే బలాన్ని కోల్పోతుంది. నేల ఇంకా రెండు మూడు మీటర్ల దూరంలో ఉండగానే విమానం ఎడమ పక్కకు కూలుతుంది, అంత తక్కువ ఎత్తులో సరిదిద్దే వ్యవధి ఎవరికీ ఉండదు. వెనకంచు రెండు కొసల్లోనూ సమానంగా కొద్దిగా పైకి ఉంటే దిగడం నెమ్మదిగా, భద్రంగా సాగుతుంది. దాన్నే వాషవుట్ అంటారు, నేర్చుకునేవారి విమానాల్లో కావాలనే పెడతారు. మీ రెక్కలో వచ్చిన మెలిక దీనికి సరిగ్గా వ్యతిరేకం.

దీనికి కారణం చాలావరకు ఫిల్మ్‌ను బిగించిన క్రమంలోనే ఉంటుంది. వేడికి ముడుచుకునే ఫిల్మ్‌ను ఒకవైపు పూర్తిగా బిగించి, ఆ తరువాతే రెండోవైపు మొదలుపెడితే, మొదట బిగిసిన వైపు రెక్కను తనవైపు లాగేసుకుంటుంది. అందుకే ముందు అడుగు భాగానికీ తరువాత పైభాగానికీ ఫిల్మ్ పరిచి, అంచుల వెంట మాత్రమే అతికించి, ఆ పైన కొంత కింద, కొంత పైన మార్చిమార్చి బిగించాలి. అడుగు భాగం ముందు తొడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. పైనుంచి వచ్చే ఫిల్మ్ అంచు దాని మీద పడితే అతుకు కిందివైపుకు పోయి కంటికి కనిపించదు.

ఇక సరిచేసే పద్ధతి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రెక్కను పట్టుకుని, వెనకంచు పైకి వచ్చేలా, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువగానే మెలితిప్పి ఉంచాలి. అప్పుడు ఫిల్మ్ మీద ఐమూలగా ముడతలు పడతాయి. రెండోవారు ఆ ముడతలు పోయేవరకు హీట్ గన్‌తోగాని చిన్న ఇస్త్రీతోగాని పైనా కిందా వేడిచేయాలి. వేడి తీసేశాక కూడా ఫిల్మ్ పూర్తిగా చల్లారేవరకు పట్టు వదలకూడదు. తొందరపడి వదిలితే మెలిక మళ్లీ వస్తుంది. తరువాత రెక్కను చదునైన బల్లమీద పెట్టి కొలవండి, మరుసటి రోజు ఇంకోసారి కొలవండి. ఒక్కో తయారీ ఫిల్మ్ ఒక్కో వేడికి అతుక్కుంటుంది, ఇంకా ఎక్కువ వేడికి ముడుచుకుంటుంది కాబట్టి, ముందుగా పనికిరాని ముక్క మీద పరీక్షించుకోవడం మంచిది. ముందంచు భాగమంతా పైనా కిందా బాల్సా రేకులతో మూసిన రెక్క అయితే, మెలిక ఆ చెక్కలోనే ఉంటే, ఫిల్మ్ దాన్ని తిప్పలేదు. అప్పుడు రేకును విప్పి మళ్లీ అతికించక తప్పదు.

ప్రశ్న: తోకకు మెరుపు రావాలని మూడు పూతల రంగు వేశాను. ఇప్పుడు విమానం వెనక్కి తూగుతోంది. ముక్కులో సీసం పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, కానీ అది చిట్టచివరి మార్గం. ఒక చిన్న లెక్క చూడండి. గరిమనాభి (విమానం బరువంతా తూగే బిందువు) నుంచి తోకకు 75 సెంటీమీటర్లు, ముక్కుకు 25 సెంటీమీటర్లు దూరం అనుకుంటే, తోకలో అదనంగా చేరిన 10 గ్రాములకు ముక్కులో 30 గ్రాములు పెట్టాలి. అంటే 10 గ్రాముల రంగు విమానాన్ని 40 గ్రాములు బరువెక్కిస్తుంది. అందుకని ముందు బ్యాటరీని వీలైనంత ముందుకు జరపండి, తరువాత సర్వోల (కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్ల) స్థానం మార్చగలరేమో చూడండి, తోక మీది రంగును సన్నని గరుకు కాగితంతో పలచన చేయండి. ఇంకా లోటుంటేనే సీసం జోలికి వెళ్లండి.

గరిమనాభి ఎక్కడ ఉండాలో కిట్ ప్లానులో గుర్తించి ఉంటుంది. మామూలు శిక్షణ విమానాల్లో అది రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి 25 నుంచి 33 శాతం మధ్య ఉంటుంది. అంతకంటే వెనక్కి పోతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మరీ చురుకైపోయి, విమానం తనంతట తాను నిలదొక్కుకునే గుణాన్ని కోల్పోతుంది. ముక్కు కొంచెం బరువైన విమానం మొద్దుగా ఎగిరినా చేతికి లొంగుతుంది, తోక బరువైనది లొంగదు. తూచేటప్పుడు బ్యాటరీతో సహా ఎగరడానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనే తూచాలి, ఇంధనంతో నడిచేదైతే ట్యాంకు ఖాళీగా ఉంచాలి.

మళ్లీ కిట్ మొదలుపెట్టినప్పుడు బాల్సా పలకలను ముందే తూచుకోవాలని నా విన్నపం. బాల్సా సాంద్రత ఘనమీటరుకు 100 కిలోల నుంచి 200 కిలోలు దాటేవరకు మారుతుంది. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న పలక 30 గ్రాములూ ఉండవచ్చు, 60 గ్రాములూ ఉండవచ్చు. తేలికవి తోకకూ రెక్క కొసలకూ, గట్టివి రెక్క పొడవునా సాగే దూలాలైన స్పార్‌లకూ కేటాయించుకుంటే సగం తూకం బల్లమీదే కుదురుతుంది.

ప్రశ్న: అన్ని అతుకులకూ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడితే విమానం గట్టిగా ఉంటుంది కదా?

జవాబు: బరువుగా ఉంటుంది. చక్కగా కుదిరిన బాల్సా అతుకులకు పలుచని సయనోయాక్రిలేట్ (క్షణాల్లో అతుక్కునే జిగురు) చాలు, కొంచెం సందు ఉంటే చిక్కటిది వాడండి. మోటారు బిగించే ప్లైవుడ్ పలకకూ, రెండు రెక్కలు కలిసే చోటుకూ మాత్రం 30 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ అవసరం. సయనోయాక్రిలేట్ ఆవిరి కళ్లనూ ముక్కునూ మండిస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పనిచేయండి. నూలు గుడ్డతో దాన్ని తుడవకండి, నూలుతో కలిస్తే చేయి కాలేంత వేడి పుడుతుంది.

ప్రశ్న: ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) కీళ్లు గట్టిగా అతికాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఒక్కో కీలు దగ్గర గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే బల్లమీదే ఊడాలి. తరువాత ప్రొపెల్లర్ తీసేసి, రిసీవర్‌కు కరెంటు ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ స్టిక్ కుడికి నెట్టినప్పుడు కుడి ఎయిలరాన్ పైకీ ఎడమది కిందికీ కదులుతున్నాయో లేదో విమానం వెనక నిలబడి చూడండి. ముందు నిలబడి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి.