సముద్రం లేని వరంగల్ నుంచి సముద్రం చదువా?

పరకాల నుంచి ఒక తండ్రి అడిగారు: బిడ్డ హనుమకొండలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ రెండో ఏడాది. ఎక్కడో వీడియో చూసి మెరైన్ హీట్‌వేవ్‌ల మీద, అంటే సముద్రం నీళ్లు రోజుల తరబడి మామూలుకన్నా బాగా వేడెక్కడం మీద, పరిశోధన చేస్తానంటోందట. "సముద్రం మొహం చూడని పిల్ల సార్, బీఈడీ చేయిస్తే నయం కదా?"

అన్నా, ఎండాకాలం బాయిలో దిగితే పైన నీళ్లు వెచ్చగా, కాళ్ల దగ్గర జిల్లుమంటూ తగులుతాయి కదా, సముద్రంలోనూ ఇంచుమించు అదే కథ. పైన గాలిలో అధిక పీడనం వచ్చి రోజుల తరబడి కదలకుండా కూర్చుంటే మబ్బులుండవు, ఎండంతా నీళ్ల మీదే పడుతుంది, గాలి కూడా పడిపోతే నీరు ఆవిరై చల్లబడడం తగ్గుతుంది, అడుగున ఉన్న చల్లనీళ్లు పైకి కలవవు, దాంతో ఆ వేడంతా పైనున్న పలుచటి పొరలోనే ఉండిపోతుంది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి ఇంకా తొందరగా కాగుతుంది. ఏడాదిలో ఆ సమయానికి ఏళ్లుగా నమోదైన వేడిలో 90వ పర్సంటైల్‌ను, అంటే నూటికి తొంభైసార్లు దాటని గీతను, దాటి కనీసం 5 రోజులు నిలిస్తే దాన్ని హీట్‌వేవ్ అంటారు. అన్నీ గాలి వల్లే రావు, 2011లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో వచ్చినదానికి వేడినీటి ప్రవాహం పెద్ద కారణం. కానీ చాలావాటి వెనక గాలి, మబ్బు, ఎండ ఉంటాయి. అంటే మీ బిడ్డకు కావాల్సింది ఇప్పుడు చదువుతున్న ఫిజిక్స్, మ్యాథ్స్, ప్రోగ్రామింగే. ఈత రాకపోయినా నడుస్తుంది!

సముద్రం లేదనే బెంగ వదిలేయండి. దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. పత్తి వేసేవాళ్లకు కూడా ఇది దూరపు సంగతి కాదు, బంగాళాఖాతంలో ఇలా వేడెక్కినప్పుడు మధ్య భారతంలో వానలు తగ్గుతున్నాయని పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్తలు 2022లో చెప్పారు.

దారి: పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఐఐటీలు. తర్వాత గేట్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల సెక్షన్ రాయొచ్చు. ఉద్యోగాల విషయం మాత్రం దాచను, పర్మినెంట్ పోస్టులు తక్కువ, మొదట కొన్నేళ్లు ప్రాజెక్టు కాంట్రాక్టుల మీదే గడపాల్సి రావచ్చు. ఇంటి ఖర్చులకు వెంటనే జీతం కావాలంటే ఆమెతో ఇప్పుడే మాట్లాడండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా (NOAA) 1981 నుంచి ఉన్న రోజువారీ సముద్ర ఉష్ణోగ్రతలు ఉచితంగా ఇస్తోంది. 2020 మేలో తమిళనాడు పక్కనున్న మన్నార్ సింధుశాఖలో వచ్చిన హీట్‌వేవ్ తర్వాత అక్కడి పగడాల్లో 85 శాతం తెల్లబడ్డాయి. ఆ నెల గ్రాఫ్ పైథాన్‌లో గీయమనండి. రెండు రోజులకే విసుగొచ్చిందంటే అప్పుడు బీఈడీ సంగతి చూద్దాం.